మీ నాన్న పేరున వేసిన ఎత్తులు

రాయపూర్,
16-2-1999.

చిరంజీవి సూరిబాబుకి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ మీ నాన్నకీ నాకూ ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ నీ స్నేహితులూ అక్కడ వేళకు తిని వేళకు పడుకుంటున్నారని తలుస్తాను. అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. ఎందుకాపానో కింద రాస్తాను. ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు చెప్పనీ.

మీ నాన్న మోకాలు నొప్పి తగ్గింది. యార్డులో కంకర మీద నడక తగ్గించమని ఆస్పత్రిలో చెప్పారు. నేను నడవడం మానేస్తే వ్యాగన్లు వాటంతటవే లైనులోకి వెళ్లి కూర్చుంటాయా అని ఆయన వాళ్లనే ఎదురడిగి వచ్చారు. నా కళ్లజోడు మార్చాను. కాలనీలో కుళాయి పొద్దున ఒక్క పూటే వస్తోంది.

మీ కంప్యూటర్ ఆటలోంచి మంచు ముసలమ్మను తీసేద్దామా, ఆమె మంచు పరిస్తే ఆడేవాళ్లకి చిరాకు వస్తోంది, నాన్న ఏమంటారు అని అడిగావు. తీయకు. మంచు పడితే బలమున్నవాడికీ లేనివాడికీ ఒకేలా కళ్లు కనబడవు, చిన్న రాజ్యానికి ఊపిరి తీసుకునే వేళ అదొక్కటే. కాకపోతే మూడు ఎత్తులకు మించి మంచు ఉండనివ్వకు. ఇది మీ నాన్న మాట కాదు, నాది.

ఇక నువ్వడిగిన ఫొటో. డ్యూటీ డ్రెస్సులో ఆయన ఫొటో పెట్టెలోంచి తీసి, తుడిచి, మళ్లీ పెట్టెలోనే పెట్టేశాను. వచ్చే నెల సీడీలు తయారీకి వెళ్తాయని, మొదటి తెర మీద ఆటలో ధాన్యం చూసే గాదెల మంత్రి బొమ్మకి మీ నాన్న ముఖం పెట్టి, కింద ఆయన పేరు వేస్తామని రాశావు. ఆ పని ఆపు నాయనా. ఆపమని చెప్పడానికే ఈ ఉత్తరం.

శుక్రవారం మధ్యాహ్నం హన్నా సిస్టర్ వచ్చింది. పక్క క్వార్టరు హన్నాయే, రైల్వే ఆస్పత్రి నర్సు. ఆవిడ మేనల్లుడు కొన్న ఇంగ్లీషు కంప్యూటర్ పత్రికలో మీ ఆట గురించి రెండు పేజీలు వేశారు. ఇంకా బయటకు రాని ఆట కోసం అక్కడి కుర్రాళ్లు రోజులు లెక్కపెట్టుకుంటున్నారట. బొమ్మలు నేనూ చూశాను. నువ్వు పెన్సిలుతో గీసి పంపిన రాతి ఏనుగులు రంగుల్లో నిలబడి ఉన్నాయి. నదీ ఉంది. దాని రేవు ఎక్కడుందో నాకు ఒకరు చూపించక్కర్లేదు.

మీ నాన్న ఆ పూట ఇంట్లోనే ఉన్నారు. "అన్నయ్యగారూ, మీరింత ఆటగాళ్లని ఇన్నేళ్లూ మాకు చెప్పనేలేదండీ," అంటూ హన్నా ఆ పత్రిక ఆయన చేతిలో పెట్టింది. ఆయనకు ఇంగ్లీషు వచ్చు కదా, వరసల కింద వేలు పెట్టి చదువుకున్నారు. మా నాన్న రామమూర్తిగారు రాయపూర్ యార్డు మాస్టరు, పద్నాలుగు నెలలు ఉత్తరాల మీద నాతో ఈ ఆట ఆడారు, మాకు కనబడని తప్పులన్నీ చూపించారు, యుద్ధం చేయకుండా గెలవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాం అని నువ్వు చెప్పావట, హన్నాయే నాకు తెలుగులో చెప్పింది. హన్నా వెళ్లేదాకా ఆయన ఆ రెండు పేజీలే తిప్పుతూ కూర్చున్నారు. నేను వంటింట్లో కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను.

"ఏటే ఇది?" అన్నారు గుమ్మంలోకి వచ్చి. "పేపరోడు గలత్ రాసీసేడా, మనోడే అబద్ధమాడీసేడా?"

నింద నీ మీదకి వెళ్లబోయింది. అప్పుడు చెప్పాను. అదీ, పట్టుబడ్డాక.

సూరిబాబూ, ఆ ఎత్తులు మీ నాన్నవి కావు. మొదటిదాని నుంచి ఇరవై ఆరోదాని దాకా నేనే వేశాను.

మన ఇంట్లో ఉత్తరాల పద్ధతి నీకు తెలియనిది కాదు. మీ నాన్న ఇక్కడే పుట్టి హిందీ బడిలో చదివారు. తెలుగు మాట్లాడతారే గాని అక్షరం రాదు. నేను ఎనిమిదో తరగతి చదివి బొబ్బిలి నుంచి కాపురానికి వచ్చాను. ఇంటి ఉత్తరం తెలుగులోనే వెళ్లాలని మీ తాతయ్య పెట్టిన కట్టుబాటు. అప్పటి నుంచీ ఆయన చెప్పడం, నేను రాయడం. వచ్చింది నేను చదవడం, ఆయన వినడం. నీకు అక్షరాలు దిద్దించిందీ నేనే కాబట్టి నువ్వూ తెలుగులోనే రాస్తావు. అంటే ఇంటికి ఏం వచ్చిందో, ఇంటి నుంచి ఏం వెళ్లిందో తెలిసేది నాకొక్కదానికే. ముప్పై ఏళ్లలో ఒక్క మాట అటూ ఇటూ చేయలేదు. అందుకే ఆయన ఎప్పుడూ అనుమానపడలేదు.

నువ్వు రైల్వే ఉద్యోగం ట్రైనింగు మధ్యలో వదిలేసి హైదరాబాదు వెళ్లిపోయిన ఎనిమిది నెలలకు ఆ మొదటి కవరు వచ్చింది. "నాన్నా, యార్డులో మీరు రోజూ చేసేదే ఈ ఆటలో ఉంది. దేన్ని ముందు వదలాలి, దేన్ని ఆపి ఉంచాలి అన్నదే. కంప్యూటర్లోకి ఎక్కించే ముందు కాగితం మీద ఆడి చూస్తున్నాం. మీరు ఆడి తప్పులు చెప్పండి," అని రాశావు. రెండు వాక్యాలు చదివానో లేదో మీ నాన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"రహనే దే. సర్కారీ నౌకరీ ఒగ్గీసి బొమ్మలాటలేటి? మరి సదవకు," అని చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు.

ఆ మాట నీకు రాయబుద్ధి కాలేదు. ఏమీ రాయకపోతే నువ్వు మళ్లీ రాయవని భయం. మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లాక నువ్వు పంపిన పటం నేల మీద పరిచాను. నీ సైన్యానికి చొక్కా గుండీలు, మన సైన్యానికి చింతపిక్కలు పెట్టుకున్నాను. నీకు నలభై రాతి ఏనుగులు. మనకు కొంగల దళం, కొందరు పడవవాళ్లు, మూడు ఊళ్ల ధాన్యం. యుద్ధం సంగతి నాకేం తెలుసు. రెండు ఎత్తులయ్యాక వానలని నీ కాగితంలో ఉంది, అందుకని ముందు ధాన్యం మెట్టకి ఎక్కించాను. ఇల్లు నడిపే ఏ ఆడదైనా అదే చేస్తుంది. "నాన్నా, ఇది ఇక్కడ ఒక్కరికీ తట్టలేదు. అందరం నోరు వెళ్లబెట్టాం," అని నువ్వు జవాబు రాశావు. నాకు సిగ్గు వేసింది. దాచడమెందుకు, ఆ పూటంతా కాలు నేల మీద నిలవలేదు.

తర్వాత తిల్దాలో పెళ్లికి వెళ్లి వస్తూ ప్యాసింజరు కిటికీలోంచి మిల్లుల ముందు బస్తాల గుట్టలు చూశాను. వడ్లు ఎన్నుంటే ఏం, మిల్లు లేకపోతే అన్నం లేదు కదా. గాదె ఒక్కటే చాలదు, వడ్లు దంచే చోటు కూడా ఉండాలని నియమం పెట్టు అని రాశాను, కింద ఇట్లు నాన్న అని పెట్టి. నువ్వు నియమం పెట్టావు. ఆ మరుసటి ఎత్తులోనే నీ మిల్లులన్నీ కాల్చేశాను. వడ్ల గుట్టల మధ్య నీ ఏనుగులు ఆకలికి కూలబడ్డాయి. రాతి ఏనుగుకి ఆకలేమిట్రా అని నవ్వుకున్నాను గాని ఒక్కదాని మీదా జాలిపడలేదు.

ఇంతవరకు చదివి, పోనీలే, తల్లి మనసు, కొడుకు చిన్నబోకూడదని అలా చేసింది అని నువ్వు సరిపెట్టుకుంటావు. నేనూ నాకు అలాగే చెప్పుకున్నాను. అది నిజం కాదు.

నీ ఐదో ఉత్తరం వచ్చిన వారం. మీ నాన్న బూట్లు వేసుకుంటూ, నా ముఖం చూడకుండా, "సూరిబాబు సిట్టీ ఏటైనా వచ్చిందేటి?" అని అడిగారు. నీ కవరు బియ్యం డబ్బా వెనకాల ఉంది. ఆ మనిషి ఆ మాట నోట్లోంచి తీయడానికి ఏడాది కావచ్చింది. ఏమంత పని, కవరు తీసి చదివితే అయిపోయేది. నేను రాలేదన్నాను.

ఎందుకన్నానో రాస్తాను. నా పడవలు రేవుకి చేరాయి. ఇంకో రెండు ఎత్తుల్లో నీ మొదటి కోట నాది. ఆయనకి చదివి వినిపిస్తే ఆట ఆయనదైపోతుంది, నేను మళ్లీ చెప్పింది రాసేదాన్నవుతాను. కారణం అదొక్కటే సూరిబాబూ. ఇంకేదైనా ఉంటే బాగుండునని వెతుక్కున్నాను, లేదు. మొన్న పత్రికలో ఆయన పేరు విన్నప్పుడు కూడా నాకు ముందు కలిగింది భయం కాదు, ఉక్రోషం. అవి నా ఎత్తులు అనుకున్నాను. నా పేరు వేయమని నిన్ను అడగను. అడగాలని మాత్రం ఉంది.

ఆయన ఇంకో రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ లేదన్నాను. "పని ఎక్కువున్నాదేమోలే," అని తనే సర్దుకుని అన్నం ముందు కూర్చున్నారు. నేను పప్పు వడ్డించి, ఊఁ అన్నాను. ఆ తర్వాత అడగడం మానేశారు. సరిగ్గా ఆ నెలలోనే నువ్వు, నాన్న ఫోనుకి పిలిస్తే రారు గాని ఉత్తరాల్లో ఎంత మాట్లాడుతున్నారో, ఇలాంటి నాన్న ఉన్నారని నాకు తెలియదు అని రాశావు. అది చదివీ నేను ఆగలేదు. ఎత్తు వేశాను.

ఇంకొకటి ఉంది. అన్నిటికన్నా అది పెద్దది. పదకొండో ఉత్తరంలో, ఎత్తు రాశాక చివర, "నాన్నా, ఉద్యోగం వదిలినందుకు నా మీద ఇంకా కోపం ఉందా?" అని అడిగావు. ఆ కాగితం మూడు రోజులు కొంగున ముడేసుకుని తిరిగాను. తర్వాత, "కోపం లేదు. నువ్వు చేసిందే సరి," అని రాశాను. దాని కిందే కొంగల దళం ఎటు ఎగరాలో రాశాను. ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నానని నువ్వన్నావు. ఆ మాట మీ నాన్నది కాదు. ఇది రాయడానికి నాకు ఇన్ని పేజీలు పట్టాయి.

ఆదివారం పొద్దున టిఫినయ్యాక మీ నాన్న మంచం మీద కూర్చుని, "అన్నీ తే," అన్నారు. ఇరవై ఆరూ తెచ్చి మొదటి నుంచి చదివాను. అక్షరం వదల్లేదు. ఆయన తల వంచుకుని విన్నారు. మోకాలెలా ఉంది నాన్నా అని నువ్వడిగిన చోటల్లా ఆయన చెయ్యి మోకాలి మీదకి వెళ్లింది. పదకొండోది వచ్చింది. నీ ప్రశ్న చదివి ఆగాను.

"దానికి నానేటన్నాను?" అన్నారు.

ఆ మాట కంటే కొట్టినా బాగుండేది. "కోపం లేదు, నువ్వు చేసిందే సరి అని రాశారు," అన్నాను. రాశానని రాలేదు నోటికి. రాశారనే వచ్చింది.

ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నారు. తర్వాత గొంతు పెంచకుండానే అన్నారు. "నానే అనీవోణ్ణేమో వరాలూ. నిన్ను మూడుసార్లు అడిగేను కదా. ఇప్పుడు నానన్నా అది రెండోసారి అయిపోద్ది."

తిడితే పడేదాన్ని, పది రోజులు మాట్లాడకపోతే ఓర్చుకునేదాన్ని. కొడుకుని క్షమించడమో మానడమో తండ్రి తన నోటితో చేసుకోవలసిన పని, ఆట మీద మోజుకొద్దీ అది నేను లాక్కున్నాను. నీకు కూడా, మీ నాన్నతో మాట్లాడుతున్నాననుకునేలా పద్నాలుగు నెలలు అన్యాయం చేశాను.

మిగిలిన ఉత్తరాలూ చదివించుకున్నారు. మిల్లులు కాల్చిన చోట ఒక్కసారి నా ముఖంలోకి చూసి, "నువ్వేనా?" అన్నారు. నేనేనన్నాను. మెచ్చుకోలేదు, తప్పు పట్టలేదు, తర్వాతది చదవమన్నారు.

అంతా అయ్యాక కాగితం అడిగారు. నేను అలవాటు కొద్దీ పీట లాక్కుని, కలం మూత తీసి, చెప్పండి అంటూ కూర్చున్నాను. ఆయన వంగి కలం నా చేతిలోంచి తీసుకున్నారు. "నానే రాస్తాను," అన్నారు.

హిందీలో రాశారు. ఒక పక్క నిండా రాశారు. నా ఎదుటే రాసి, మడత పెట్టకుండా నా చేతికిచ్చి యార్డుకి వెళ్లిపోయారు. బస్సు బోర్డుల మీద హిందీ కూడబలుక్కుంటాను గాని ఆయన గొలుసుకట్టు రాత నాకు రాదు. రెండు చోట్ల కొట్టేసి మళ్లీ రాశారు, అది మాత్రం తెలుస్తోంది. హన్నాకి ఇస్తే నిమిషంలో చదివి చెబుతుంది. ఇవ్వలేదు, ఇవ్వను.

ఆ కాగితం దీనితోపాటే పెడుతున్నాను. మొదటి తెర మీద ఏం వేయాలో అది చదివాక మీరిద్దరూ తేల్చుకోండి. ఇక మీదట మీ నాన్నకి రాయవలసింది హిందీలో ఆయనకే రాయి. నాకు వేరే కాగితం మీద రాయి, రాయాలనిపిస్తే.

ఇట్లు, ఈసారి నా పేరునే,
నీ అమ్మ,
వరహాలమ్మ.