అమ్మ గొంతుకు ఒక ట్రాకు

కోరుట్ల

అమ్మా, కార్డు వచ్చిందని కంగారు పడకు, ఇక్కడ అందరం బాగున్నాం. ఈ సంగతి ఫోన్‌లో చెబుదామంటే మీ అల్లుడు పక్కనే ఉంటారు.

నువ్వు పాడినప్పుడల్లా ఆయన ప్రేమగా గొంతు కలుపుతారు కదా. అందుకే నా ఫోన్‌లో నీ పాట ఒక్కటీ వినేటట్టు లేదు. ఒక్కో గొంతును ఒక్కో ట్రాకులో విడిగా పట్టే రికార్డరు ఉంటుందని తెలిసి, నిన్న ఇద్దరం జగిత్యాల పోయాం. దుకాణంలో ఆయన ఎనిమిది ట్రాకులదే కావాలని పట్టుబట్టారు. "ఎనిమిది గొంతులు నేనే పాడుత," అన్నారు. "ఒకలి గొంతు బంద్ చేస్తే ఇంకొకలిది ఇనవడ్తదా?" అని దుకాణదారును అడిగాను. "నాలుగు ట్రాకుల దాంట్ల గూడ ఇనవడ్తదక్కా, ఇంటికి గా నాలుగే చాలు," అన్నాడు. చవకలో వచ్చింది, అదే తెచ్చాం.

ఇంటికి రాగానే చెరో మైకు పట్టుకొని పాడాం. వినేటప్పుడు ఆయన తప్పు బటన్ నొక్కారు. నా గొంతు పోయి, ఆయనది ఒక్కటే మోగింది. పాట అయ్యేదాకా కదలకుండా విని, "నేను గిట్ల పాడుతనా?" అన్నారు. "అత్తమ్మ పాడేటప్పుడు నేను ఊకుంట తియ్," అన్నారు. తర్వాత తన మైకు వైరు చుట్టి డబ్బాలో పెట్టేశారు.

ఆదివారం రుద్రంగి వస్తున్నాం. మోకాలికి తైలం రాస్తున్నావా? నువ్వుల పొడి కొంచెం దంచి ఉంచు. బాపును, తమ్ముణ్ణి అడిగినట్టు చెప్పు. నీ పాట అయ్యాక ఆయన్ని కూడా ఒకటి పాడమని నువ్వే అడుగమ్మా. ఇంకా మూడు ట్రాకులు ఖాళీగానే ఉంటాయి.

నీ బిడ్డ,
నవనీత