సరంగు పెద్దభార్య ఎర్ర శాలువా

యుద్ధకాలంలో ఏటి కాపలా పడవ నడిపిన సరంగు భార్యనైన నేను, తెలివి సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్ళు అరిగాయి, చూపు తగ్గింది. అసూయ మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని ఎవరికీ పంచను.

1. నేను కుట్టుపని చేసి కట్టించిన ఈ ఇల్లు నా భర్త ఉన్నంతకాలం ఆయనది, తదుపరి మా అమ్మాయిది. షరతు ఒకటే: ఆయన ఊడదీసి తెచ్చుకున్న ఆ పడవ చుక్కాని చక్రం పడకగదిలోకి రాకూడదు. పెళ్ళయిన ఆరో నెలలో ఆయన ఆ పడవెక్కాడు. ఇంటికొస్తే ఒంటికి డీజిలు వాసన, నోట దాని మాట. నిద్రలో నా మీద చెయ్యి వేసి ఇంజిన్ వేడెక్కిందనేవాడు. దానికంటే ముందొచ్చాను కనుక పెద్దభార్యను నేనే.

2. అద్దాల బీరువా నా ఆడపడుచుకు. వచ్చినప్పుడల్లా దాని తలుపులు తడిమి చూసేది. తాళంచెవి మాత్రం మా అమ్మాయికి. మేనత్తా మేనకోడలూ మాట్లాడుకుంటే గాని అది తెరుచుకోదు.

3. పడవ ముందు నిలబడి గెడతో లోతు చూసిన మరిది వరస మనిషిని ఈ వీలునామా అమలుకు నియమిస్తున్నాను. అతని మీదా నాకు కుళ్ళే. నా మొగుడితో నాకంటే ఎక్కువ కాలం గడిపాడు. నా పెళ్ళినాటి ఎర్ర శాలువా అంచు చింపి పడవ సింగారానికి కట్టారని తెలిసి, సవతికి నా బట్టలు కూడానా అని మండిపోయాను. మొన్న నన్ను చూడవచ్చి అసలు సంగతి చెప్పాడు. ఆ గుడ్డ కట్టింది గెడకట, పడవకు కావలసిన లోతు కొలిచి ఆ ఎత్తున. గెడ ఏటి అడుగు తాకినప్పుడు గుడ్డ తడిస్తే పడవ తేలేంత నీరున్నట్టు. పొడిగా ఉంటే ముందంతా బురదే. దిగబడితే ఒడ్డు మీది తుపాకులకు దొరికిపోవడమే. పక్క పడవ ఒకటి ఆగకుండా వెళ్ళి మనుషులతో సహా పోయింది.

"గుడ్డ పొడిగా కనబడితే చాలు వదినా, అన్నయ్య ఇంకెవరి మాటా వినేవాడు కాదు. మా ఆవిడ రమ్మంటోంది, తిప్పండి అనేవాడు" అన్నాడు.

ఇన్నేళ్ళు దాచినందుకు మరిదికి ఏమీ ఇవ్వకూడదు. చెప్పినందుకు నా ఉన్ని దుప్పటి ఇస్తున్నాను. మా ఆయన ఇప్పటికీ చెప్పలేదు.

4. ఆ పడవను యుద్ధమయ్యాక ఏరు సముద్రంలో కలిసే మొగలో వదిలేశారు. ఆయన వారం వారం వెళ్ళి చూసొస్తాడు. తన బూడిద దాని పక్కనే కలపమన్నాడు, నన్ను మాటమాత్రం అడగకుండా. సరే. ముందు నాది కలపండి. ఆయన వచ్చేసరికి వాళ్ళిద్దరి మధ్యా నేనుండాలి.

5. నేను పోతే నా వెనకే తానూ వచ్చేస్తానని ఆయన అమ్మాయితో అన్నట్టు తెలిసింది. కాబట్టి మరిది తన వసారాలో ఉన్న ఆ గెడను పడవ పక్కన నాటి, నా ఎర్రగుడ్డను పోటు నీరు కూడా అందనంత ఎత్తున కట్టాలి. ఆయన వచ్చినప్పుడల్లా అది పొడిగా కనబడాలి. దానర్థం ఆయనకు తెలుసు. ఇంటికి తిరిగి వెళ్ళాలి.

ఈ నెల పదో తేదీ, సోమవారం.

(సంతకం) సరంగు పెద్దభార్య

సాక్షులు:
మందుల షాపాయన
పక్కింటి టీచరమ్మ