మిల్లు ఊక, మా భట్టీ

జనవరి 8, 2003
బోధన్ రోడ్డు మిల్లుకు ఊక కోసం పోతే అక్కడ ఇద్దరు తెల్లవాళ్లు. వెంట హైదరాబాద్ నుంచి తెలుగు చెప్పే మనిషి. ఊకతో కరెంటు చేస్తారట, వాళ్ల దేశం పెట్టుబడి. ఇది మీకు పనికొస్తుందా అని నన్ను అడిగించారు. మిల్లు సేటు పక్కనే ఉన్నాడు. "గది చెత్త సారూ. మేం ఎత్తుకపోతున్నం గాబట్టి మిల్లు సాఫుంటది" అన్నాను. పేరు రాసుకున్నారు.

అవ్వ నేర్పిన మాటే. సేటు ముందు ఊక కావాలని అనొద్దు, అంటే రేటు పెడతాడు. చెత్త అను, మిల్లు ఊడ్చిపెట్టు, తెచ్చి భట్టీలో మంట పెట్టుకో. మా మురుమురాల భట్టీ ఇన్నేళ్లూ ఈ మాట మీదే నడిచింది.

జనవరి 9
మురుమురాలు తెల్లగా పొంగాయి. పక్కింటి రబియా అక్క భట్టీ కూడా బాగా నడిచిందట.

ఫిబ్రవరి 20
ఊకతో కరెంటు చేసే ప్లాంటు ఖాయమట. ఇంకా ఇటుక పేర్చలేదు... అప్పుడే సేటు ఊక దాచిపెట్టి గేటుకు తాళం వేశాడు. మా గల్లీలో మూడు భట్టీలు. ఎవరిని అడిగి చేశారు? ఎవరినీ అడగలేదు.
అయ్యో, అడిగారు. నన్నే అడిగారు.

ఫిబ్రవరి 23
సగమైనా మాకు వదలమని సేటును బతిమాలాను. నవ్వాడు.
"ఇన్నేండ్లు నువ్వే చెత్త అంటివి గదమ్మా. నీకు తిప్పలెందుకని వాళ్లకిచ్చిన."
మొహం మీద ఉమ్మాలనిపించింది. దండం పెట్టి వచ్చాను. ఛీ, నా బతుకు.

మార్చి 4
మండల ఆఫీసు గోడకు ప్లాంటు రిపోర్టు అంటించారు. తెలుగులోనే. ఊక ఎవరికీ అక్కరలేదని స్థానికులే చెప్పారట. కింద నా పేరు. మా గల్లీ ఆడవాళ్లలో చదువొచ్చింది నాకొక్కదానికే. చుట్టూ చూసి వచ్చేశాను. రబియా అక్కకు చెప్పలేదు. నా నోట్లో మన్ను పడ!

మార్చి 5
పొగ లేని కరెంటట. లోకానికి మంచిదట. అంత మంచిదైతే వాళ్ల ఊళ్లో పొయ్యిలు ఆర్పుకొని చేసుకోరాదూ. వాళ్ల మొహాలు మండ.

మార్చి 11
ఇంట్లో ఉన్న ఊక అయిపోయింది. కట్టెలు పెట్టి చూశాను. ఊక గుప్పెడు గుప్పెడు చల్లుతుంటే మంట చెప్పినట్టు వింటుంది. కట్టె వినదు. బియ్యం వేయించే మూకుట్లో ఇసుక ఒకపక్క కాలిపోతోంది, ఒకపక్క చల్లగానే ఉంది. సగం బియ్యం మాడాయి, సగం పొంగలేదు. బోధన్ అంగడిలో దుకాణం ఆయన బస్తా విప్పి చూసి వాపసు పంపాడు. ఇన్నేళ్లలో మొదటిసారి.

మార్చి 15
ప్లాంటు మీద జనం మాట వినడానికి సోమవారం అధికారులు వస్తారట. తెల్లవాళ్లు కూడా. రబియా అక్క ఇల్లిల్లూ తిరిగి అందరినీ అక్కడికి రావడానికి ఒప్పించింది. మనలోనే ఎవరో ఊక వద్దన్నారని విన్నదట. ఆ మనిషి దొరికితే చెప్పుతో కొడతానంది. తర్వాత నా చేయి పట్టుకుంది.
"సదువుకున్నదానివి. అందరికంటె ముందుగాల నువ్వే లేవాలె చెల్లె. ఊక లేకుంటె సస్తమని చెప్పు."
నేను పేరు చెప్పగానే వాళ్లు ఆ కాగితం తీస్తారు...
లేస్తానన్నాను.

మార్చి 16
రబియా అక్కకు ఇంకా చెప్పలేదు. రెండుసార్లు వాళ్ల గడప దాకా పోయి తిరిగొచ్చాను.
సాయంత్రం అక్కే వచ్చింది. తన మంచి చీర ఇస్త్రీ చేయించి తెచ్చింది. మా తరఫున నిలబడేదానివి, బాగా కనబడాలంది.
తీసుకున్నాను.