లచ్చవ్వ ముట్టని నీళ్ళు

చెన్నూరు, 1957 ఎండాకాలం, శుక్రవారం

ఇవాళ జుమ్మా నమాజుకు ముందు చేసే ప్రసంగంలో, బయానులో, మసీదు ఇమాం అయిన మా భయ్యా మంచి నడవడి గురించి చెప్పాడు. పొరుగువాళ్ళ మనసు నొప్పించేవాడి నమాజుకు విలువ లేదన్నాడు. మసీదు గోడకు ఇవతల, మా పెరట్లో కూర్చుని అంతా విన్నాను.

సాయంత్రం పక్కింటి సాలె లచ్చవ్వ బిందెతో వచ్చింది. వాళ్ళ బావి ఎండిపోయింది. భయ్యా మా బావి దగ్గర నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుంటున్నాడు.

"జర ఒక్క బిందె తోడుకుంట కొడుకా."

"నమాజు యాళ్ళకే అడ్డమొస్తవా? పో, ఇంకోపారి రాకు."

ఆమె ఖాళీ బిందెతో వెళ్ళిపోయింది. 1948 పోలీసు యాక్షన్ రోజుల్లో అమ్మీని, భయ్యాను, నన్ను తన మగ్గం గుంటలో దాచి, ముసల్మానుల కోసం వెతుకుతూ వచ్చినవాళ్ళకు అడ్డంగా గడపలో కూర్చున్నది ఈమే.

నేను బిందె నింపి ఆమె ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె ముట్టుకోలేదు.

"నీ మీద కోపం లేదు బిడ్డా. గా నీళ్ళు నా గొంతుల దిగయి."

మసీదు నుంచి రాగానే భయ్యాను బతిమాలాను.

"మాఫీ అడుగు భయ్యా. ఆమె లేకుంటే మనం ఉంటుంటిమా?"

"నేను అడుగుడా? నా ఎనక నమాజు చదివే జమాత్ ముంగట నా ఇజ్జత్ ఏం గావాలె?"

అమ్మీ కూడా తల వంచుకుని భయ్యాకు అన్నం వడ్డించింది. ఇంక ఎవరితో చెప్పుకోను?

ఇప్పుడు పక్క గదిలో భయ్యా దువా చేస్తున్నాడు. గొంతు ఎంతో బాగుంది. ఆమీన్ అనడానికి నాకు నోరు రావడం లేదు...