ఒక్కటే గొంగడి

బుధవారం రాత్రి

పొద్దున నిజాంసాగర్ కాలువ పక్కన చెరుకు నరికేవాళ్ల గుడిసెలకు మందులు పట్టుకెళ్లాను. ఏ గుడిసెలో చూసినా గజ్జే. అందరికంటే పసిపిల్లలకూ ముసలివాళ్లకూ ఎక్కువ. మద్నూర్ నుంచి వచ్చిన ఒక అవ్వ ఒళ్లో మనవరాలు, అరచేతుల నిండా పొక్కులు.

నర్సుగా రోజూ చెప్పేదే చెప్పాను. దురద లేనివాళ్లతో సహా ఇంటిల్లిపాదీ ఈ రాత్రే మందు రాసుకోవాలి, ఉతకలేని గొంగళ్లను సంచిలో మూటకట్టి, గజ్జి పురుగు చచ్చేదాకా మూడు రోజులు ముట్టుకోకూడదు.

అవ్వ లోపలికి వెళ్లి గొంగడి తెచ్చి చూపించింది.

"ఇదొక్కటే ఉన్నది బిడ్డా. అందరం దీని కిందనే పంటం. మూటగడితే ఈ చలికి పిల్లను దేంట్ల సుట్టాలె?"

సాయంత్రం మా ఇంటి నుంచి దుప్పట్లు తెస్తానన్నాను.

"అప్పటిదాంక మేముంటమా? ఈడ చెరుకు ఒడిసింది. పగటీలికే లారీ వస్తది."

"ఎటు పోతున్నరు?"

"మేస్త్రీ ఎటంటే అటు."

వారం తర్వాత మందు మళ్లీ రాయాలి. ఎక్కడని వెతకను? చివరికి "సరే అవ్వా, ఇయ్యాల కప్పుకోండ్రి" అని నేనే అన్నాను. మందు రాసిన ఒంటి మీదికి మళ్లీ అదే గొంగడి.

ఎల్లారెడ్డిలో ఇల్లు చేరేసరికి మా పాప ఎదురొచ్చింది. స్నానం చేసేదాకా దగ్గరికి రానివ్వలేదు.

ఇప్పుడు నిద్రలో దుప్పటి తన్నేస్తోంది. కప్పుతున్నాను. మళ్లీ తన్నేస్తోంది.