గడ్డ మళ్ళీ రావాలి

2023 జనవరి 19
సతీశ్ మెడ కింద గడ్డ కరిగిపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న తెల్ల గోళీలకే. బనియన్ తడిసిపోయే చెమటలు కూడా ఆగాయి. అత్తమ్మ మొక్కు ప్రకారం దర్గా దగ్గర మేకను కోసి కందూరు విందు చేశాం. దేవరకొండ చుట్టాలంతా వచ్చారు. నా మొగుడు నాకు దక్కాడని కడుపునిండా తిన్నాను.

ఫిబ్రవరి 11
గోళీలు ఆపితే గడ్డ మళ్ళీ తేలింది. చంకలో ఇంకోటి. ఆర్‌ఎంపీ మళ్ళీ అవే ఇచ్చాడు, మళ్ళీ తగ్గింది. ఈసారి నాకు నచ్చలేదు. మనిషి చిక్కిపోతున్నాడు, ప్యాంటు నడుం మీద నిలవడం లేదు. హైదరాబాద్ పోదామంటే తన ట్రాలీ ఆటోకు కిరాయిలు పోతాయని గొణుగుడు. ఇల్లు పీకి పందిరేశాను. సరేనన్నాడు.

ఫిబ్రవరి 20
హైదరాబాద్ ఆసుపత్రిలో డాక్టరమ్మ గోళీల చీటీ రెండుసార్లు చదివింది. అవి స్టెరాయిడ్ అట. ఆమె అనుమానం లింఫోమా. మెడలో, చంకల్లో ఉండే లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సర్. గడ్డ ముక్క తీసి బయాప్సీ పరీక్ష చేస్తే గాని ఏ రకమో తెలియదు, రకం తెలియనిదే కీమో ఇవ్వరు. కానీ స్టెరాయిడ్‌కు గడ్డ కుంచించుకుపోయింది, ఇప్పుడు తీసినా సరిగ్గా తేలదట. గోళీలు పూర్తిగా మానేసి, గడ్డ పెరిగాక రమ్మంది. ఊపిరి ఆడకపోతే మాత్రం వెంటనే రమ్మంది.

పెరిగాక. తిరుగు బస్సు మాల్ ఊరు దాటేదాకా నా చెవుల్లో ఆ మాటే.

ఫిబ్రవరి 26
తడిమాను. ఏమీ లేదు. ఏడుపొచ్చింది.

మార్చి 2
గడ్డ పెరగాలని మొక్కుకున్నాను. పైకి అనడానికి నోరు రాలేదు. మనసులోనే.

మార్చి 9
ఎందుకు పెరగడం లేదో ఇవాళ తెలిసింది. అత్తమ్మ అవే గోళీలు తెచ్చి దాచుకుని, నూరి చారులో కలుపుతోంది. కళ్ళారా చూశాను. ఇంటి కప్పు ఎగిరేలా అరిచాను. ఆమె తిరిగి అరవలేదు.

"గోళీలు ఆపంగనే పొద్దంత ఒళ్ళు గోక్కున్నడు, చెమటల తడిసిండు. కన్నదాన్ని. చూస్కుంట ఎట్ల కూసోవాలె, రమా?"

సతీశ్ మంచంలోంచే అన్నాడు, "అమ్మా, దాన్ని రానియ్యి."

మిగిలిన గోళీలు ఇద్దరం కలిసి మోరీలో పోశాం. నాకు ఆమె మీద కోపం పోలేదు. జాలి కూడా పోలేదు.

మార్చి 14
దురద. జ్వరం. తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాం. గోళీ ఇవ్వలేదు.

మార్చి 23
వచ్చింది. నిమ్మకాయంత. అత్తమ్మ చెయ్యి పట్టుకుని నేనే అక్కడ పెట్టాను. రేపు మొదటి బస్సు.

ఏప్రిల్ 8
బయాప్సీలో తేలింది, హాడ్జ్‌కిన్ లింఫోమా. పెట్ స్కాన్‌లో జబ్బున్న చోటు వెలుగుతుందట; ఛాతీలోనూ, పొట్టలోనూ వెలిగింది. స్టేజ్ త్రీ. మూడు అనగానే మొత్తం ఎన్ని ఉంటాయని అడిగాను. నాలుగు దాకా ఉంటాయట. ఈ రకం చాలామందికి నయమవుతుంది గాని మాటివ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. పదిహేను రోజులకోసారి కీమో, మధ్యలో మళ్ళీ స్కాన్.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ఒకటే అడిగింది, దానికి మందుందా అని. ఉందన్నాను. ఇవాళ ముగ్గురం అన్నం తిన్నాం.

ఏప్రిల్ 27
మొదటి కీమో అయింది. పొద్దున సతీశ్ తల తుడుస్తూ మెడ తడిమాను. గడ్డ తగల్లేదు. అప్పుడు గోళీలకూ ఇలాగే కరిగింది. అత్తమ్మ కూడా తడిమింది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.