అల్లుడుగారు కొట్టిన దెబ్బ

ఖతీఫ్, సౌదీ అరేబియా,
ఆదివారం పొద్దున.

సుజిత నాన్నగారికి జ్ఞానమణి వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ మేము ముగ్గురం బాగున్నాం. మీరూ బాగున్నారని, వేళకి తింటున్నారని నమ్ముకుని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఫోనులో మాట మీ చెవికి అందదు. నేను అరిస్తే పక్క ఫ్లాటువాళ్ళు ఏమైందోనని తలుపు కొడుతున్నారు. అందుకే ఉత్తరం. సుజితతోపాటు హాస్పిటల్లో పనిచేసే ఆసిఫా సెలవు మీద గుంటూరు వస్తోంది. తన తమ్ముడిచేత రేపల్లె పంపిస్తానంది. ఖర్జూరాల డబ్బా కూడా ఇచ్చాను. గింజ తీసి తినండి. మళ్ళీ చెబుతున్నాను, గింజ తీసి తినండి.

మీరడిగినవి ముందు చెబుతాను. బీపీ మాత్ర మానలేదు. మోకాళ్ళకి బయట ఎండ హాయిగానే ఉంది, ఇంట్లో ఏసీ చలికే పట్టేస్తున్నాయి. ప్రార్థన ముగ్గురం ఇంట్లోనే చేసుకుంటున్నాం. చేపలు బాగా దొరుకుతాయి, మనవైపు రుచి లేదు కానీ పులుసు చిక్కగా పెడితే తెలియదు. నేనడిగినదానికి మీరే జవాబు రాయలేదు. రాత్రి పడుకునేముందు గ్యాసు కట్టేస్తున్నారా? పెరటి తలుపు గడియ వేస్తున్నారా? ఒకసారి లేచి చూసి వచ్చి, అప్పుడు మిగతాది చదవండి.

ఇక మీ పెద్ద ప్రశ్న. "ఆ పిరికివాడి చేతికి కారిస్తే మన పిల్ల ఏమైపోవాలి? నువ్వు వెళ్ళిందే ఆపడానికి. ఆపావా, లేదా?" అని రాశారు. ఉత్తరం మొత్తంలో అల్లుడుగారి పేరు ఒక్కచోట కూడా లేదు. దాన్ని పైకి చదివి వినిపించమని ఆయనే అడిగారు. ఆ ముక్క దాటేసి వానల సంగతి చదివాను.

మీరు ఊరికే అనలేదని నాకూ తెలుసు. పెళ్ళికి ముందురోజు మేకను కోస్తుంటే చూసి పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయాడు జాబేజ్. పెళ్ళికొడుకు ముఖాన మీరే నీళ్ళు కొట్టారు. అలాంటివాడు ఈ దేశపు రోడ్ల మీద, విమానంలా పోయే కార్ల మధ్య బండి నడుపుతాడంటే నాకూ నిద్ర పట్టలేదు. కానీ ఇక్కడికి వచ్చాక ఇంకోటి చూశాను. నర్సుల క్వార్టర్సు వదిలి ఈ ఫ్లాటుకి మారాక హాస్పిటల్ వ్యాను రావడం లేదు. డ్యూటీ దిగి అమ్మాయి అద్దెకారు కోసం రోడ్డు పక్కన ఒక్కతీ నిలబడుతోంది. కారు ఉంటే ఒక భయం, లేకపోతే ఒక భయం.

అల్లుడుగారు చేరిన డ్రైవింగు స్కూలులో స్టీరింగు పట్టుకునే ముందు ఇంకో చదువు ఉందట. రోడ్డు మీద ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే డాక్టరు చేరేలోపు ఏం చెయ్యాలో నేర్చుకుని, రబ్బరు బొమ్మ మీద చేసి చూపించాలి. అప్పుడే లైసెన్సు. అది విని నేను లోపల సంతోషపడ్డాను. రక్తం అన్నమాట వింటేనే తూలే మనిషి, అక్కడే ఆగిపోతాడు, నేను చెడ్డ కానక్కర్లేదు అనుకున్నాను.

ఒక సాయంత్రం తలుపు సందులోంచి చూస్తే, దిండుని నేల మీద పడేసి, మీద వంగి రెండు చేతులతో గుద్దుతున్నాడు. అమ్మాయితో గొడవపడ్డాడు, ఆ కోపం దిండు మీద తీరుస్తున్నాడు అనుకున్నాను. ఇంతలో లోపలినుంచి సుజిత గొంతు.

"అలా గుద్దితే రోగి లేచి మిమ్మల్నే కొడతాడండీ. గుద్దకండి, నొక్కండి."

"బొమ్మ ఇంకా గట్టిగా ఉంటుంది సుజీ."

"బొమ్మకి ఏమైనా పర్లేదు. మనిషికి ఎముకలుంటాయి."

ఆ రోజునుంచి గుమ్మం దగ్గర చిక్కుళ్ళు వలుచుకుంటూ పాఠమంతా నేనూ విన్నాను. గొంతులో ఏదైనా అడ్డం పడితే, దగ్గు వస్తున్నంతసేపూ దగ్గనివ్వాలి. దగ్గు ఆగి మాట పెగలకపోతే మనిషిని ముందుకు వంచి, వీపు మీద భుజం రెక్కల మధ్య చరచాలి. స్పృహ తప్పినవాడికి ఊపిరి ఆడుతుంటే కాళ్ళు ఎత్తిపెట్టాలి. ముట్టుకునేముందు ఆ మనిషిని అడగాలి. చివరిది విని నాకు నవ్వొచ్చింది.

ఇంతవరకు రాసి, లేచి వెళ్ళి టీ తాగి వచ్చాను. ఇప్పుడు రాసేది చదివి కంగారుపడకండి. నేను బాగున్నాను కాబట్టే రాస్తున్నాను.

పోయిన నెలలో ఒక శుక్రవారం సుజిత డ్యూటీలో ఉంది. అల్లుడుగారు బయటినుంచి కబ్సా తెచ్చారు. అంటే పెద్ద పెద్ద మాంసం ముక్కలు వేసి వండే ఇక్కడి అన్నం. నాకు దవడపళ్ళు లేవు, నమలకుండా మింగుతానని మీరు తిట్టని రోజు లేదు. మీ మాట ఆరోజే చెప్పేద్దామని గుండె దిటవు చేసుకున్నాను. నోట్లో ముక్క ఉండగానే "అల్లుడుగారూ, ఆ కారు సంగతి..." అన్నాను. ముక్క అడ్డం పడి దగ్గు వచ్చింది.

"పొలమారిందా అత్తయ్యగారూ? మామయ్యగారు తలుచుకుంటున్నట్టున్నారు" అని నవ్వుతూ నీళ్ళు అందించారు. నేనూ అలవాటుగా నెత్తి మీద తట్టుకున్నాను. నీళ్ళు తాగేలోపే దగ్గు ఆగిపోయింది. ఊపిరి లోపలికీ లేదు, బయటికీ లేదు. కళ్ళముందు మీరు కనిపించారు, బనీనుతో, పెరట్లో.

ఆయన లేచారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. మన ఇళ్ళలో అల్లుడు అత్తగారి పక్క కుర్చీలో కూడా కూర్చోడు కదండీ. చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, "అత్తయ్యగారూ, నేను సాయం చెయ్యనా?" అని అడిగారు. ప్రాణం పోతుంటే అడుగుతాడేమిటి ఈయన అనుకుంటూ తల ఊపాను. "క్షమించండి" అంటూనే నన్ను ముందుకు వంచి, వీపు మీద చరిచారు. ఎంత దెబ్బ అనుకున్నారు! మూడో దెబ్బకి ముక్క ఎగిరి టీవీ బల్ల కింద పడింది.

నాకు ఊపిరి వచ్చింది. ఆయన ముక్కని చూశారు, నన్ను చూశారు, అక్కడే నేల మీద కూలిపోయారు.

అరవలేదండీ నేను. నాకే ఆశ్చర్యం. వంగి ఊపిరి చూశాను, ఆడుతోంది. సోఫా దిండ్లు వేసి కాళ్ళు ఎత్తిపెట్టాను. దిండ్లు జారిపోతుంటే ఆ కాళ్ళు నా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే సుజిత తలుపు తీసింది.

"అమ్మా! ఏం చేస్తున్నావే?"

"నీ మొగుడికి పరీక్ష పెట్టానే. పాసయ్యాడు."

ఆ మాటకి కళ్ళు తెరిచి, "అత్తయ్యగారూ, ముందు నా కాళ్ళు వదలండి, మీకు దణ్ణం పెడతాను" అని ఆయన ఒకటే గొడవ. సుజిత నా గొంతు, ఛాతీ చూసి ఏమీ లేదంది. వీపు మాత్రం వారం రోజులు నొప్పి పెట్టింది. బాగుండే నొప్పి.

మీ మాట ఆరోజు సగంలో ఆగింది. మిగతా సగం ఇక నేను చెప్పలేదు, చెప్పను. ఆయన భయస్తుడే. అయినా పని అయ్యాకే పడ్డారు.

పోయిన వారం లైసెన్సూ వచ్చింది, కారూ వచ్చింది. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఎంత నెమ్మదిగా నడిపారంటే వెనకవాళ్ళందరూ హారన్లే. "తిడుతున్నారేమో అత్తయ్యగారూ" అంటే, "తిట్టనివ్వండి, మీరు ముందుకు చూడండి" అన్నాను. డ్యూటీ దిగి వచ్చిన అమ్మాయి కారుని చూసి నవ్వింది చూడండీ, చిన్నప్పుడు బడి గేటు దగ్గర మిమ్మల్ని చూసి నవ్వినట్టు.

మీకు పొలమారితే తలుచుకునేది నేనే. అలాగని నెత్తి తట్టుకుంటూ కూర్చోకండి. గట్టిగా దగ్గండి. దగ్గు రాకపోతే పక్కింటికి పరుగెత్తి వీపు చూపించండి. ఒక్కరే ఉన్నారు, అన్నం మెత్తగా వండుకోండి.

వచ్చే నెల నన్ను తీసుకెళ్ళడానికి వస్తున్నారు కదా. ఎయిర్‌పోర్టుకి కారు తెచ్చేది జాబేజే. ముందు సీటు మీది, నేను మీ వెనకే కూర్చుంటాను. దారిలో ఆయన్ని పిరికివాడు అన్నారో, మీ వీపు నా ఎదురుగానే ఉంటుంది. ఎక్కడ చరచాలో ఇప్పుడు నాకు తెలుసు.

ఇట్లు,
మీ సుజిత వాళ్ళమ్మ,
జాబేజ్ అత్తగారు